పచ్చ రంగు వేసిన ఇంజను

పన్నెండు గొర్రెలు. నా పెండ్లి నాడు మా బాపు తన మందలోంచి ఒక్కొక్కటీ ఏరి, ఎడమ చెవికి రెండు గాట్లు పెట్టి, అమ్రాబాద్ నుంచి అచ్చంపేట దాకా నా వెంట తోలుకొచ్చి అప్పగించిన గొర్రెలు. ముసలివి పోయినా వాటి పిల్లలతో ఆ పన్నెండునీ నిలబెట్టుకుంటూ వచ్చాను. అవి నావి. వాటిని అమ్మబోతున్నారన్న సంగతి నాకు చెప్పిందెవరు? నా మొగుడు బీరన్న కాదు. మోటరు బాగుచేసే మేస్త్రి లింగస్వామి!

"అక్కా, నీ గొర్లు పోతే పోయినయ్ గని మోటరుకు మంచి ఇంజను వస్తది తీ," అన్నాడు వాకిట్లో నిలబడి. చేతిలో ఉన్న చీపురు వాడి మీదికి విసిరేశాను. వాడు తప్పుకున్నాడు గాని, అది వెనకాలే వస్తున్న నా మొగుడికి తగిలింది. తగలాల్సిన మనిషికే తగిలింది.

మోటరంటే కొత్తదేమీ కాదు. పెద్ద యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత పికప్పు. నలుగురి చేతులు మారి మా ఇంటికొచ్చింది. నా మొగుడూ, వాళ్ల అన్న గోపయ్య బావా సగం మందను అమ్మి దాన్ని కొన్నారు. అడవి పల్లెల్లో కొన్న పొట్టేళ్లను దాంట్లో ఎక్కించి పట్నం సంతకు చేర్చడం నా మొగుడి పని. మిగిలిన మందను కాసేది బావ. అయిదేండ్లు బాగానే నడిచింది. ఆ ఎండాకాలం ఒకరోజు పట్నం నుంచి వస్తుంటే లోపల కడ్డీ విరిగి, ఇంజనుకు పిడికిలి పట్టేంత చిల్లు పడింది. ఎద్దులు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. లింగస్వామి చూసి, "ఇగ గిది పనికి రాదు. వేరే ఇంజను ఎక్కియ్యాలె," అన్నాడు.

సరే, ఎక్కించండి. నా గొర్రెలెందుకు?

"మీ దొడ్డిల అరవై గొర్లున్నయ్ గద! అండ్ల నుంచి అమ్ము," అన్నాను.

"అవి అన్నదమ్ములిద్దరియి. అన్న ఒప్పుకుంటలేడు."

"అన్న ఒప్పుకోకుంటె ఆగినవ్. నన్నెందుకు అడగలే?"

"నువ్వు పరాయిదానివా ఏంది, అడిగేందుకు?" అన్నాడు. ఎంత తియ్యని మాటో చూడండి! అడగాలంటే అన్న పరాయివాడు, అడగకుండా తీసుకోవాలంటే నేను సొంతదాన్ని.

మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. గొంతు పోయేలా అరిచాను. నాలుగో రోజు మా కులపెద్ద కురుమయ్య మామ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన ముందు నా మొగుడు మా కులదేవుడు బీరప్ప మీద ఒట్టేశాడు. ఏడాది తిరిగేసరికి పన్నెండు గొర్రెలు తెచ్చి నా చేతికిస్తానన్నాడు. నేను రెండు మాటలు అడిగాను. ఇంజను కొనేటప్పుడు నేనూ వస్తాను. గొర్రెలు అమ్మిన పైసలు నా కొంగునే ఉంటాయి. మామ తలూపాడు.

వాకిట్లో ఉన్న లింగస్వామి కిసుక్కున నవ్వాడు. "అక్క వచ్చి ఇంజను పండ్లు సూస్తదేమో!"

కిరాయి లారీలో గొర్రెల మధ్య నిలబడి పట్నం పోయాను. కల్వకుర్తి దాటాక కూడా అవి నా చీర కుచ్చిళ్లు నాకుతూనే ఉన్నాయి. సంతలో అమ్మేటప్పుడు నేను అటు చూడలేదు. చూడలేకపోయాను, అంతే. పైసలు తెచ్చి చేతిలో పెడితే కొంగున ముడేసుకొని బొడ్లో దోపుకున్నాను.

పాత ఇనుప సామాన్ల గల్లీలో లింగస్వామి మమ్మల్ని ఒక రేకుల షెడ్డుకు తీసుకుపోయాడు. మా మోటరుకు సరిపోయే ఇంజన్లు అక్కడ రెండున్నాయి. ఒకటి చెక్క దిమ్మెల మీద, నిగనిగలాడే పచ్చ రంగుతో ఉంది. ఇంకొకటి మూలన, మడ్డి పట్టి, బోల్టు బిగించే చెవి ఒకటి విరిగి, దుమ్ములో పడి ఉంది. లింగస్వామి మూలకు తిరిగి కూడా చూడలేదు. నేరుగా పచ్చదాని దగ్గరికి పోయి కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

"మిలిటరీ డిపోల పెట్టెల ఉన్న మాల్ ఇది. మూణ్నెల్ల సంది ఎవ్వరు ముట్టుకోలే. మీ కిస్మత్ మంచిగుంది," అన్నాడు షెడ్డు సేటు.

ఇప్పుడు నా మొగుడి సంగతి వినండి. ఈ మనిషి సంతలో గొర్రెను కొనాలంటే పెదవి ఎత్తి పండ్లు చూస్తాడు. వెన్నుపూస మీద వేళ్లు నడిపిస్తాడు. పొదుగు పిసుకుతాడు. అమ్మేవాడు మొత్తుకుంటున్నా వినడు, పొద్దంతా కట్టేయించి, కడుపు ఖాళీ అయ్యాకే బేరం మొదలుపెడతాడు. అలాంటి మనిషి ఆ షెడ్డులో చేతులు వెనక్కి కట్టుకొని, తాసిల్దారు ముందు నిలబడినట్టు నిలబడ్డాడు. ఒక్క మాట అడగడు! ఒక్క వేలు పెట్టడు! ఇంజనంటే చదువుకున్నవాళ్ల వస్తువనీ, ముట్టుకుంటే నవ్వుతారనీ భయం. నా పన్నెండు గొర్రెలు పోయింది ఈ సిగ్గు కోసమా?

ఆ కోపంలోనే ముందుకు పోయి పచ్చ ఇంజను మీద చెయ్యి వేశాను. కొనబోయేదాని మీద చెయ్యి వెయ్యడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. దాని పక్కనున్న పొగ గొట్టం మీద అరచెయ్యి నిండుగా ఆనింది. చుర్రుమంది. "అమ్మో!" అని చెయ్యి లాక్కునేసరికి చర్మం కమిలిపోయింది.

"అరే, దూరం జరుగమ్మా! ఎండకు కాలింది," అన్నాడు సేటు.

"ఎండ ఏడున్నది సేటూ? నెత్తి మీద రేకులున్నయ్ గద!"

నేను మూలకు పోయి, రెండో చెయ్యి ఆ మడ్డి ఇంజను మీద పెట్టాను. కుండలో నీళ్లలా చల్లగా ఉంది. "గిది గూడ గీ షెడ్డులనే ఉన్నది. గిదెందుకు కాలలే?"

సేటు అటు తిరిగి పనివాణ్ని కేకేశాడు. వాడు బ్యాటరీ తీగలు తగిలించి, హ్యాండిలు సగం తిప్పాడో లేదో పచ్చ ఇంజను బుర్రుమంది. నా మొగుడి మొఖం వెలిగిపోయింది. "సూస్తివా! ఒక్క తిప్పుకే!" అన్నాడు నాతో.

"ఒక్క తిప్పుకే ఎందుకు లేవదు? మనం రాంగనే లేవాలని అంతకు ముందే నడిపిండ్రు," అన్నాను. "మూణ్నెల్లు ముట్టుకోలేదంటడు, చెయ్యి కాలుతాంది. సంతల గొర్రెకు ఉప్పు తవుడు పెట్టి, కడుపు నిండ నీళ్లు తాపి తోలుకొస్తె నువ్వు కొంటవా? ఖాళీ కడుపున సూస్తనంటవు గద! గిది గూడ చల్లారినంక తిప్పియ్యి. గప్పుడు లేస్తె కొందాం."

"అక్కా, ఇంజను గొర్రెనా?" లింగస్వామి పకపకా నవ్వాడు.

"నోరు ముయ్యవే! నలుగుర్ల ఇజ్జత్ తీస్తున్నవ్," అన్నాడు నా మొగుడు. మొఖమంతా ఎర్రబడింది. "పైసలు ఇటియ్యి."

ఇవ్వలేదు. షెడ్డు గడపకు అడ్డంగా కూర్చున్నాను. కొంగు ముడి మీద కూర్చున్నాననుకోండి. నా మొగుడు తిట్టాడు. సేటు, ఆడవాళ్లను వెంటబెట్టుకొని బేరానికి వస్తారా అని వెక్కిరించాడు. లింగస్వామి అయితే గంటకోసారి, "లారీ పోతది, పొద్దు పోతది," అని నస. నేను వినలేదు. ఎదురుగా చాయ్ కొట్టతను ఒక చెంబెడు నీళ్లిస్తే కాలిన చెయ్యి అందులో పెట్టుకొని, మంట పుట్టినప్పుడల్లా ఆ ముగ్గురినీ మనసులో తిట్టుకుంటూ కూర్చున్నాను. మనసులోనే అన్నానా? కొన్ని బయటికి కూడా వచ్చాయి.

పొద్దు వాలింది. నేను లేచి చెంబులో నీళ్లు పొగ గొట్టం మీద చిలకరించి చూశాను. ఆవిరి రాలేదు. "ఇగ తిప్పుండ్రి," అన్నాను.

పనివాడు తిప్పాడు. లేవలేదు. లింగస్వామి వాణ్ని పక్కకు తోసి తానే తిప్పాడు. పది తిప్పులు, ఇరవై తిప్పులు. అంగీ తడిసి వీపుకు అంటుకుంది. పచ్చ ఇంజను ఒకసారి దగ్గి, నీలం పొగ కాస్త కక్కి, ఊరుకుంది. చివరికి నా మొగుడు హ్యాండిలు పట్టుకున్నాడు. రెండు చేతులతో తిప్పీ తిప్పీ ఆగాడు. హ్యాండిలును బయటికి లాగాడు. అప్పుడు లింగస్వామి వైపు తిరిగాడు.

"నువ్వు ముందే వచ్చి సూసినవా దీన్ని?"

లింగస్వామి గడప వైపు జరిగాడు.

"నిన్నే అడుగుతున్న! ఈ సేటు నీకెంత ఇస్తనన్నడు?"

హ్యాండిలు ఎత్తాడు. కొట్టేవాడే, నేను నడుమ పడకపోతే. వాణ్ని కాపాడాలని కాదు. తల పగిలితే దవాఖానకు కూడా నా కొంగు ముడే విప్పాల్సి వచ్చేది.

మూలనున్న మడ్డి ఇంజనును దులిపించి తిప్పించాను. అయిదో తిప్పుకు షెడ్డు రేకులన్నీ గడగడలాడేలా లేచింది. కొంగు ముడి విప్పి దాన్నే కొన్నాను. విరిగిన చెవికి అచ్చంపేటలో ఇనుప పట్టీ వేయిస్తే సరిపోయింది. ఇంటికి వచ్చేదాకా నా మొగుడు బాగుందని అనలేదు, నీ చెయ్యి ఎలా ఉందని అడగలేదు. నెల రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాను.

మోటరు మాత్రం దున్నపోతులా నడిచింది. ఏడాది తిరిగింది. వానాకాలం వచ్చి పోయింది. గొర్రెలు ఏవీ? అడిగితే, "టైర్లు వెయ్యాలె," అన్నాడు. ఇంకోసారి అడిగితే, "అన్న బిడ్డ పెండ్లి అయిపోనీ," అన్నాడు. సరే, అదైనా భరించాను. భరించలేకపోయింది ఇంకొకటి. కల్లు దుకాణంలో కూర్చుంటే చాలు, ఇంజను మోసాన్ని ఎలా పట్టాడో చెబుతున్నాడట! "చెయ్యి పెట్టిన, చుర్రుమన్నది. నేను గొల్లకురుమ బిడ్డను, నాతోనా!" అని మీసం దువ్వుతున్నాడట. ఆ కథలో నేను పట్నమే పోలేదు. ఇంట్లో జొన్నలు విసురుకుంటున్నాను.

ఒకనాడు సాయంత్రం మా దొడ్డి దగ్గరికి కురుమయ్య మామను పిలిపించాను. మంద అప్పుడే మేసి, వాగులో నీళ్లు తాగి వచ్చింది. కులంవాళ్లు ఏడెనిమిది మంది చేరారు. నా పన్నెండు గొర్రెల ఒట్టు సంగతి మామకు గుర్తుచేశాను.

నా మొగుడు నవ్వాడు. "ఇస్త తీ మామా. ఈమెకు తొందర. గా ఇంజను మోసం నేను పట్టకుంటె మోటరు లేకపోవు, గొర్లు లేకపోవు. ఇల్లు నిలబెట్టింది నేను. నేను ఎప్పుడిస్తె గప్పుడు తీసుకోవాలె."

"నువ్వే పట్టినవా?"

"నేనే. చెయ్యి పెట్టి పట్టిన."

"ఏ చెయ్యి?"

"గీ చెయ్యే," అంటూ కుడి చెయ్యి ఎత్తాడు. ఎత్తాక గాని తెలియలేదు, ఏం ఎత్తాడో.

"కిందికి దించకు. మామకు దగ్గర పట్టి సూపియ్యి."

ఆయన అరచేతిలో స్టీరింగు పట్టిన కాయలున్నాయి, గోళ్లలో గ్రీజు ఉంది. అంతకు మించి ఏమీ లేదు. నేను నా కుడి చెయ్యి పక్కన పెట్టాను. బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి దాకా, గొట్టమంత వెడల్పున, మెరిసే మచ్చ. మామ రెండు చేతులనూ పట్టుకొని చూశాడు. నా మొగుడు చెయ్యి లాక్కోబోతే మామ వదలలేదు.

"బీరన్నా," అన్నాడు మామ, "దొడ్డి తలుపు తియ్యి. పన్నెండు. ఏరుకునేది గుర్వమ్మ."

"అవి ఉమ్మడి గొర్లు మామా, నన్ను అడగకుండ..." అని గోపయ్య బావ లేచాడు.

"ఆమెను ఎవరడిగిండ్రు?" అన్నాడు మామ. బావ కూర్చున్నాడు.

నా మొగుడు తలుపు తీశాడు. తల వంచుకొనే పక్కకు జరిగి, "ఇగ ఏరుకో," అన్నాడు. మంద నిండు కడుపులతో బలంగా, నిగనిగలాడుతూ నిలబడింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"ఇప్పుడొద్దు," అన్నాను. "మేసి, నీళ్లు తాగి వచ్చినయ్. పొద్దుగాల ఖాళీ కడుపున ఏరుకుంట."