కన్నీళ్ళ రిహార్సలు

ఉపన్యాసం ఉన్న రోజు పొద్దున ఎనిమిదింటికల్లా ఆ ఇంట్లో రిహార్సలు మొదలయ్యేది. ఆవిడ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ ఉండాలి, ఆయన ఎదురుగా నిలబడి కొత్తగా రాసుకున్న ముక్క చదివి వినిపించాలి. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ముక్క ఉంటుంది. తిరక్కపోతే కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. ఆరేళ్ళుగా ఇదే పద్ధతి. ఆఫీసులూ, కాలేజీలూ, బ్యాంకులూ ఆయన్ని ఊరికే పిలుస్తాయా మరి! ఆయన మాట్లాడి దిగేసరికి హాలు హాలంతా ముక్కులు చీదుకుంటూ ఉండేది. "ఇవాళ మూడు డబ్బాల టిష్యూలు ఖాళీ అమ్మా!" అని డ్రైవరు గుమ్మంలోంచే కేకేసేవాడు.

ఆయన చెప్పేది ఒక్కటే కథ. తమ ఎనిమిదేళ్ళ కూతురు నాలుగు రోజుల జ్వరంతో ఆస్పత్రిలో పోయింది. ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల ఎంత సంతోషంగా ఉందో చెప్పి, మీరూ అలా బతకండి అని ముగించేవాడు. మంచి మాటే, కాదనడానికేముంది? అది విని చావాలనుకున్నవాడొకడు మానుకున్నాడని ఉత్తరం కూడా వచ్చింది.

కాకపోతే, వేదిక మీద ఆయన దేని గురించి చెప్పి జనాన్ని ఏడిపిస్తే అది ఇంట్లోంచి పోయేది. హాల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చినవాళ్ళ ఇంటికి చేరేది. మొదట పెన్సిలు డబ్బా పోయింది. నాలుగు రోజులకి ఒకావిడ ఫోన్ చేసి, "మా బల్ల మీదుందండీ, జాగ్రత్తగా చూసుకుంటాం లెండి" అంది. "సరేనమ్మా" అన్నాడాయన. తర్వాత పిల్ల గోడ మీద గీసిన ఏనుగు పోయి గోడ తెల్లగా మిగిలింది. ఫోటోలు పోయాయి. పిల్ల పెంచిన పిల్లి ఇప్పటికీ బడి వదిలే వేళకి గుమ్మంలో కూర్చుంటుందని చెప్పాడోసారి. పాలు తాగుతున్నది తాగుతున్నట్టే మాయమై ఒక బ్యాంకు మేనేజరింట్లో తేలింది. అక్కడ బాగా ఒళ్ళు చేసిందట. వెళ్ళి తెచ్చుకున్నా తెల్లారేసరికి మళ్ళీ అక్కడే ఉండేది.

ఒకసారి ఆవిడ గొడవకి దిగింది.

"ఏవండీ, ఇంట్లో ఇంకేం మిగిల్చారు? దాని దిండు వాసన కూడా పంచిపెట్టేశారు కదా!"

"ఎక్కడో ఒకచోట ఉందిగా. అంతమంది దాన్ని తలుచుకుంటున్నారే" అన్నాడాయన. ఆ మొహం చూస్తే ఆవిడకి జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

అప్పట్నుంచే ఆవిడ ఏడవడం మానేసింది. తను ఏడవకపోతే ముక్క చెత్తబుట్టలోకి, వస్తువు ఇంట్లోనే. ఎంత తేలిక! తేలికేం కాదు, పాపం. మొదట్లో పెదవి కొరుక్కునేది. అది చాలక ఇస్త్రీ పెట్టె అంచుకి వేలు ఆనించడం నేర్చుకుంది. కొన్నాళ్ళకి ఉల్లిపాయలు తరిగినా ఆవిడ కంట్లో చుక్క రాకుండా పోయింది. ఇంతా చేసి చివరికి మిగిలింది ఒకే ఒక్క స్వెటరు. ఆస్పత్రికి వెళ్ళిన రోజు పిల్ల దాన్ని తనే వేసుకుంది, ఒక గుండీ తప్పి పెట్టుకుంది. అక్కడ నర్సులు తల మీంచి లాగి తీశారు. ఆ గుండీలు అలాగే వంకరగా ఉండిపోయాయి. ఆవిడ వాటిని విప్పలేదు, స్వెటరు ఉతకలేదు. బీరువాలో చీరల అడుగున దాచిపెట్టింది.

ఒక ఉపన్యాసం రోజు పొద్దున ఆయన దాన్ని పట్టుకుని వచ్చాడు.

"ఇదిగో, ఇది చూడు! ఇన్నాళ్ళూ నాకు గుర్తే లేదే! 'నేనే పెట్టుకుంటా, నువ్వు ముట్టుకోకు నాన్నా' అంది. వేళ్ళు వణుకుతున్నాయి, అయినా పెట్టుకుంది." స్వెటరు ఆవిడ ముందుకి చాపి అడిగాడు, "ఎలా ఉంది?"

ఆవిడ వేలు అప్పటికే కాలుతోంది.

"గుండీ తప్పి పెట్టుకోని పిల్లలెవరండీ?" అంటూ చొక్కా కాలరు తిప్పింది. "దీనికెవరూ ఏడవరు."

ఆయన ఆవిడ కళ్ళల్లోకి చూశాడు, తర్వాత చేతివైపు చూశాడు. "సరేలే" అని స్వెటరు కుర్చీ మీద పెట్టి, కొత్త ముక్క లేకుండానే కారెక్కాడు.

హమ్మయ్య, గెలిచాను అనుకుంది ఆవిడ. స్వెటరు మళ్ళీ చీరల అడుగున పెట్టి వంటకి కూర్చుంది. పదకొండున్నరకి కత్తిపీట ముందు నుంచి లేచేసరికి, అది తన వంటిల్లు కాదు. కిటికీ ఇంకో పక్కనుంది. గట్టు మీద ఎవరివో గిన్నెలున్నాయి.

ఏం జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అక్కడే ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

గంట తర్వాత తాళం తీసుకుని ఆ ఇంటావిడ వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "వచ్చేశారా అక్కా! అయితే నేనే ఎక్కువ ఏడ్చానన్నమాట" అంది, చేతిసంచి గోడకి తగిలిస్తూ.

"ఏం చెప్పాడు?"

"పాతవన్నీ చెప్పారక్కా. ఎవరూ కదల్లేదు, సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. మంచినీళ్ళు తాగారు. తర్వాత మీ గురించి చెప్పారు. ఏడుపు ఆపుకోవడానికి ఇస్త్రీ పెట్టెకి వేలు ఆనించుకుంటారట కదా."

"చూశాడా?"

"ఎప్పట్నుంచో చూస్తున్నానన్నారు. చూసీ చూడనట్టు ఊరుకున్నానని చెప్పి ఆయన కూడా ఏడ్చారు. అబ్బ, హాల్లో ఒక్కరూ ఆగలేదక్కా!"

ఇక రేపట్నుంచి అక్కడ రిహార్సలు ఉండదు. బాగాలేదని చెప్పడానికి ఎవరూ ఉండరు. వచ్చే ఉపన్యాసానికి ఆయన బీరువా తెరుస్తాడు, స్వెటరు నేరుగా వేదిక ఎక్కుతుంది.

"ఏదీ, ఆ వేలు చూపించండి" అంది ఆ ఇంటావిడ.

ఆవిడ చెయ్యి చాపింది. ఆవిడ వేలు పట్టుకుని చూసిన మనిషి ఇన్నేళ్ళలో ఈవిడే. పంపు కింద చల్లటి నీళ్ళు తగలగానే ఎక్కడో లోపల్నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఇక్కడ ఆపుకోవాల్సిన పని లేదు. పోవడానికి ఈ ఇంట్లో ఆవిడదంటూ ఏమీ లేదు.