యాపిల్ చెట్టుకు మందారాల గొడుగు

డెలియాకు పెళ్ళై ఇంకా రెండు నెలలు నిండలేదు. పెళ్ళికి వచ్చిన కానుకల్లో రెండు మాత్రం ఆ చిన్న అద్దె ఇంట్లో రోజూ మాటల్లోకి వచ్చేవి. ఒకటి, ఆమె పిన్ని పిల్లలంతా కలిసి కొనిచ్చిన కెమెరా. అది ఆమె మెడలోంచి దిగేదే కాదు. రెండోది, భర్త ఒరిన్ మేనత్త లొరెయిన్ ఫ్లోరిడా నుంచి పంపిన గొడుగు. సముద్రం ఒడ్డున ఇసుకలో పాతుకుని కింద నలుగురు పడుకునే రకం గొడుగది. దాని నిండా అరచెయ్యంత ఎర్ర మందారాలు అచ్చువేసి ఉన్నాయి.

"మనం సముద్రం లేని విస్కాన్సిన్‌లో ఉంటామని మీ అత్తయ్యకి తెలుసా?" అని డెలియా అడిగింది.

"తెలుసు. అందుకే జాలిపడి పంపింది," అన్నాడు ఒరిన్.

గొడుగు గరాజులో మంచు తవ్వే పారల వెనక్కి పోయింది.

హనీమూన్‌కి ఎక్కడికీ వెళ్ళలేదు. ఒరిన్ పనిచేసే హార్డ్‌వేర్ కొట్టులో వేసవి మొదట్లో సెలవు అడగడమంటే పండగపూట వంటవాడు సెలవు అడిగినట్టే. బళ్ళో పాఠాలు చెప్పే డెలియాకు మాత్రం వేసవంతా తీరికే. పెరటి గుమ్మం నుంచి వాగు దాకా, కాలినడకన వెళ్ళి వచ్చేంత మేరలో ఏది కదిలితే దాన్ని ఆమె ఫోటో తీసేది. నీళ్ళ గొట్టంలో కాపురం పెట్టిన కప్ప, బట్టల తీగమీద నిద్రపోయిన తూనీగ, ఒరిన్ బూటులో బుగ్గల నిండా గింజలు దాచుకున్న చారల ఉడుత. సాయంత్రం భర్త ఇంటికి రాగానే కాళ్ళైనా కడుక్కోనివ్వకుండా అన్నీ చూపించేది. అతను ప్రతి కప్పనూ పేరు పెట్టి పలకరించేవాడు. తను ఇంత చిన్న వాటికి ఇంతగా మురిసిపోతున్నానేమిటా అని ఒక్కోసారి ఆమెకే నవ్వొచ్చేది.

ఆ ఊళ్ళో ఈ పిచ్చి ఆమె ఒక్కదానిదే కాదు. వేసవి చివర్లో గ్రంథాలయంలో ఒక గోడంతా ఊరివాళ్ళ ఫోటోలు బట్టల క్లిప్పులతో వేలాడతాయి. బండెక్కి వెళ్ళి తీసినవి పనికిరావు, ఇంటి నుంచి నడిచి వెళ్ళి తీసినవే పెట్టాలి. ఆ గోడకు పెద్ద దిక్కు డాక్టర్ బెర్నిస్ వాలెక్. ఊళ్ళో సగం మంది పళ్ళు పీకి రిటైరైన పెద్దావిడ. డెలియావాళ్ళ కంచెకు అవతలి ఇల్లే ఆవిడది.

ఈసారి ఆ గోడమీద తన ఫోటో ఉండాలని డెలియాకు ఆశ. అందుకే వంటింటి కిటికీ ఎదుట ఉన్న యాపిల్ చెట్టు కింది కొమ్మమీద, పూలతేనె తాగే బుల్లిపిట్ట హమ్మింగ్ బర్డ్ గూడు కనిపించిన రోజు ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. గూడంటే సగం అక్రోటు చిప్పంత. చెట్టు నాచూ సాలెగూడు దారాలూ కలిపి అల్లినది, చూస్తే కొమ్మకున్న బుడిపే అనుకుంటాం. అందులో రెండు పిల్లలు. తంటా ఏమిటంటే, వాటి ముందు గుబురాకుల చిన్న కొమ్మ ఒకటి అడ్డంగా వేలాడుతోంది. ఎటునుంచి తీసినా ఆకులే పడుతున్నాయి.

డెలియా వంటింటి కత్తెర తెచ్చింది. తల్లిపిట్ట మేతకు వెళ్ళినప్పుడు ఆ కొమ్మను టక్కున కత్తిరించేసింది.

ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ఆ సాయంత్రం ఒరిన్ దాన్ని చూసి కెమెరా చేతిలోంచి వదల్లేదు. గూటి అంచుమీద రెండు సూది ముక్కులు, రెండు నల్లని కళ్ళు, ముక్కు చివర తేనె చుక్కలాంటి వెలుగు. "ఇంత బాగా ఎలా తీశావోయ్?" అన్నాడు. "ఓపిక ఉండాలి," అంది డెలియా. కత్తెర సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పేంత విషయం అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టర్ వాలెక్ కంచెమీదుగా రూబార్బ్ కాడలతో చేసిన తీపి వంటకం పళ్ళెం అందించింది. బదులుగా డెలియా కెమెరా అందించింది.

డాక్టర్ కళ్ళజోడు నుదుటిమీదికి తోసి చూసింది. "చాలా బాగుంది తల్లీ. కానీ గూళ్ళ ఫోటోలు మన గోడమీద పెట్టం. నీకెవరూ చెప్పలేదా?"

"లేదండీ. ఎందుకు పెట్టరు?"

"ఏ పిట్టా మనకు బాగా కనపడేలా గూడు కట్టదమ్మా. అంత బాగా కనపడిందంటే ఎవరో కత్తెర వేసినట్టే."

డెలియా మొహం పాలిపోయింది. ఆవిడ గమనించి గొంతు తగ్గించింది. "ఈ ఊళ్ళో కొత్తగా కెమెరా కొన్న ప్రతివాళ్ళూ ఒక్కసారి చేసేదేలే. ఏమాత్రం కొట్టావు?"

"ఒక్క చిన్న కొమ్మ. నిజంగా చిన్నదే."

"ఎటువైపుది?"

డెలియా చూపించింది. దక్షిణం వైపు. మిట్టమధ్యాహ్నం ఎండ వచ్చే వైపు. ఆ రోజు ఎండ మండిపోతుందని రేడియోలో తెల్లవారినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి రోడ్డుమీద తారు మెత్తబడింది. డెలియా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. బొటనవేలంత ఒళ్ళున్న తల్లిపిట్ట గూటి అంచుమీద నిలబడి, రెండు రెక్కలూ చాపి పిల్లలకు నీడ పట్టింది. నోరు తెరిచి వగరుస్తోంది. కాసేపయ్యాక మేతకు ఎగిరిపోయింది. పిల్లలు నేరుగా ఎండలో ఉండిపోయాయి. నిన్న అంత నిటారుగా ఉన్న ముక్కులు గూటి అంచుమీద వాలిపోయాయి.

డెలియా కొట్టుకు ఫోన్ చేసింది. "వెంటనే ఇంటికి రా," అని మాత్రం అనగలిగింది.

ఒరిన్ కొట్టు ఏప్రన్ విప్పకుండానే సైకిల్‌మీద వచ్చిపడ్డాడు. చెమటతో తడిసి ముద్దైపోయాడు. ఇంటిని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఇల్లు నిలబడే ఉందే! నాతో వేగలేను, పుట్టింటికి పోతున్నానని చెప్పడానికి పిలిచావేమోనని గుండె చేత్తో పట్టుకుని వచ్చా. మా అమ్మకి ఏం చెప్పాలా అని దారంతా ఆలోచన."

"అంతకంటే పెద్దది," అంటూ డెలియా ఏడ్చేసి, అంతా చెప్పింది.

ఒరిన్ చెట్టువైపు చూశాడు. "ఏ కత్తెరతో?"

"వంటింటిది."

"బేకన్ మాంసం కోసే కత్తెరా! సరే, తర్వాత పోట్లాడుకుందాం. ఇప్పుడు నీడ కావాలి, అంతేగా?"

కంచె అవతల నుంచి డాక్టర్ గొంతు వినిపించింది. "గూటి దగ్గర చెయ్యి పెట్టకండి. నీడ దానిమీద పడాలి, నీడనిచ్చేది మాత్రం ఎడంగా ఉండాలి. తల్లి బెదిరిందంటే ఇక రాదు."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి లొరెయిన్ అత్తయ్య గుర్తొచ్చింది.

గొడుగు తెరవగానే పెరడంతా మందారాలైంది. కర్ర నేలలో గుచ్చితే గాలికి ఊగిసలాడుతోంది. దాంతో ఇద్దరూ చెట్టుకు ఎడంగా గడ్డిలో కూలబడి, నాలుగు చేతులతో కర్ర పట్టుకుని, నీడ గూటిమీదికి వచ్చేలా వంచారు. ఎర్రటి నీడ మెల్లగా పాకి గూటిని కప్పింది. పిల్లలు కదిలాయో లేదో అక్కడినుంచి తెలియలేదు.

తల్లి వచ్చింది. గాల్లో నిలబడి ఆ కొత్త వింతను చూసింది. గిర్రున తిరిగి కంచె దాటి వెళ్ళిపోయింది.

"పోయింది," అంది డెలియా.

"వస్తుందిలే."

"రాకపోతే?"

ఒరిన్ కర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఎదుట గూటిలో ఏ కదలికా లేదు. దూరాన ఎవరో గడ్డి కోసే యంత్రం ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో డెలియా ఎవరికి మొక్కుకోవాలో తెలియక, లొరెయిన్ అత్తయ్యకే మొక్కుకుంది.

అప్పుడు వాళ్ళ నెత్తిమీద తుమ్మెద రొదలాంటి చప్పుడు.

తల్లిపిట్ట తిరిగొచ్చింది. గూటికి కాదు, గొడుగుకు. మొదటి మందారంలో ముక్కు పెట్టింది. ఏమీ లేదు. పక్క మందారానికి వెళ్ళింది. అక్కడా లేదు. మూడోదాన్ని కోపంగా పొడిచింది. పల్చటి గుడ్డ మీద టిక్కు టిక్కుమని శబ్దం వాళ్ళ నుదుళ్ళకు పైనే వినిపిస్తోంది.

"సరుకు బాగాలేదని గొడవ చేస్తోంది," అన్నాడు ఒరిన్ పెదవులు కదపకుండా. "రోజూ మా కొట్టుకి వచ్చేవాళ్ళలాగే."

"నవ్వించకు. గొడుగు ఊగుతోంది."

పువ్వు పువ్వుకూ వెళ్ళి, ఏ ఒక్కదానిలోనూ చుక్క తేనె దొరక్క, ఆ పిట్ట గొడుగు గురించి ఒక నిర్ణయానికి వచ్చినట్టుంది. పనికిరానిది, అయినా భయపడాల్సినదేమీ కాదు. నేరుగా కిందికి దూకి గూటి అంచుమీద వాలింది. ఎర్ర నీడలో రెండు ముక్కులు చివ్వున లేచాయి. రెండూ. తల్లి ఒకదాని తర్వాత ఒకదాని గొంతులో తన పొడవాటి ముక్కు దింపి మేత పెట్టింది. ఈసారి రెక్కలు చాపలేదు. ఆ అవసరం లేకపోయింది.

డెలియా ఒరిన్ భుజంమీద తల వాల్చి నిశ్శబ్దంగా నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. కెమెరా వంటింటి బల్లమీదే ఉందని ఆమెకు చాలాసేపటికి గానీ గుర్తురాలేదు. గుర్తొచ్చాక కూడా లేచి వెళ్ళాలనిపించలేదు.

సాయంత్రం ఒరిన్ కొట్టునుంచి గట్టి తాడు తెచ్చి, గొడుగును బట్టల తీగ స్తంభానికి కట్టేశాడు. రెండు వారాలు తిరక్కుండానే పిల్లలు ఎగిరాయి. ఎగిరిన మొదటి రోజే ఒకటి ఆ మందారాల్లో ముక్కు పెట్టి చూసి, తల్లిలాగే కోపం తెచ్చుకుంది.

వేసవి చివర్లో గ్రంథాలయం గోడమీద డెలియా తీసిన కప్ప ఫోటో వేలాడింది. దాని పక్కనే డాక్టర్ వాలెక్ కంచెమీంచి తీసిన ఫోటో ఒకటి. అందులో సముద్రం లేని ఊళ్ళో సముద్రపు గొడుగు కింద, గడ్డిలో కూలబడి, ఒకే కర్రను పట్టుకుని, కళ్ళింతలు చేసుకుని పైకి చూస్తున్న ఇద్దరు మనుషులున్నారు. కింద ఆవిడ చేతిరాత: "మా పెరటి పక్క ప్రాణులు. కొత్త జంట. అలికిడైతే బెదురుతారు."

దాని ముందు ఒరిన్ చాలాసేపు నిలబడ్డాడు. "ఇందులో నా పొట్టకి అడ్డంగా ఒక కొమ్మ ఉంటే బాగుండేది," అన్నాడు.

"నా దగ్గర కత్తెర ఉంది కానీ కొమ్మల్లేవు," అంది డెలియా. అతని చెయ్యి పట్టుకుని, లొరెయిన్ అత్తయ్యకు పంపడానికి ఆ ఫోటోను ఫోటో తీసింది.