రాహుకాలంలో ఆగిన డబ్బా

నేను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాను. ఎర్ర మూత, ఒంటికి అంటించిన చీటీ, ఇంతే నా సింగారం. చీరాలలో పిల్లల్లేని వాళ్లకు వైద్యం చేసే డాక్టరమ్మ నన్ను ఏడుకొండలు చేతిలో పెట్టింది.

"పోయినసారి వీర్యకణాల లెక్క బాగానే ఉందయ్యా. లెక్కొక్కటీ ఉంటే చాలదు. కణాలు ఈదాలి, గుడ్డును చేరాలి, లోపలికి దూరాలి. ఆ సత్తువ ఉందో లేదో ఈసారి చూస్తాం. ఇంటి దగ్గర పట్టి, ఒంటి వెచ్చదనం పోకుండా గంటలోపు తెచ్చెయ్" అంది.

పక్కన అతని భార్య నాగజ్యోతి. ఏం చెప్పమంటారు, పెళ్లయిన నాటి నుంచీ సూదులన్నీ ఆ పిల్లకే, మాటలన్నీ ఆ పిల్లకే. మగవాడికీ పరీక్ష ఉంటుందని ఆ ఇల్లు ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

సోమవారం పొద్దున ఏడుకొండలు, పరీక్షకు పట్టి మూత బిగించిన నన్ను చొక్కా లోపల దాచుకుని గడప దాకా వచ్చాడు. అతని తల్లి ఆదెమ్మ అడ్డం నిలబడింది.

"ఏడున్నరైంది, ఇప్పుడే రాహుకాలం వచ్చింది. తొమ్మిది దాటాక కదులు."

"గంటలో ఇవ్వాలంట అత్తయ్యా" అంది జ్యోతి.

"నా మనవడి పని రాహుకాలంలో మొదలెడతారా? ఇన్నాళ్లు ఆగినోళ్లు ఇంకాసేపు ఆగితే ఏమైద్ది? పాలు ఆగట్లా ఫ్రిజ్‌లో?"

ఆవిడది ప్రేమే, కాదనను. కొడుకు దగ్గర నన్ను తీసుకుని, కవరులో చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని, ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టింది. కొడుకు సిగ్గుతో చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడ్డాడు. ఆ చలికి నాలో ఈదుతున్నవన్నీ మెల్లగా నెమ్మదించి, ఆగిపోయాయి. కేక వేద్దామంటే నాకు నోరేది? మూత బిగించిన దాన్ని.

తొమ్మిది దాటాకే నన్ను ఫ్రిజ్‌లోంచి తీసి ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరమ్మ నాలోంచి చుక్క తీసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

"ఒక్కటీ కదలట్లేదు. ఎంతసేపైంది పట్టి?"

"అరగంటండీ" అన్నాడు ఏడుకొండలు నేల చూపులు చూస్తూ. తల్లి మాట బయట పెట్టలేడు మరి.

"మళ్ళీ ఒకసారి చేద్దాం. కానీ తాజాగా తెచ్చిందే ఇలా ఉంటే, దాత కణాల సంగతి కూడా మీరిద్దరూ ఆలోచించుకోవాలి."

జ్యోతి "డాక్టరుగారూ" అంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు, బతిమాలినట్టు.

అంతలో ల్యాబు అమ్మాయి నన్ను తీసి చెత్త సంచిలో వేసి, మూతి కట్టేసింది. జ్యోతి ఆ మాట పూర్తి చేసిందో, మింగేసిందో నాకు వినబడలేదు. సంచిలో నాలాంటి డబ్బాలు బోలెడున్నాయి. మీవాళ్లయినా నిజం చెప్పారా అని అడుగుదామంటే, మాలో ఎవరికీ నోరు లేదు.