బడి కూల్చేలోగా

చెన్నై జార్జి టౌన్‌లో కోకిల ముప్పై ఏళ్లు డ్రాయింగు నేర్పిన తెలుగు బడిని పదిహేను రోజుల్లో కూల్చేస్తారని తెలిసింది. పిల్లలు లేక అది మూతపడి రెండేళ్లయింది. ఆమె అర్జీలు పెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు. సరే, బడి మొత్తాన్నీ కంప్యూటర్లో నిలబెడతానని పట్టుబట్టింది. వేల ఫోటోలు తీసి కలిపితే తెరమీద గోడలూ మెట్లూ లేస్తాయని, గదిగదికీ తిరిగి చూడవచ్చని రిటైరయ్యాక సొంతంగా నేర్చుకుంది.

చిక్కంతా కంప్యూటర్‌తోనే. దాని పదేళ్లనాటి ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లు నాలుగే. ఒక్క తరగతి గదికే ఐదు రోజులు తీసుకుంది. గదులు పదకొండు. పదహారు కోర్ల కొత్తది కొంటానంది కోకిల.

కూతురు జననిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఇప్పుడు కొనొద్దమ్మా. డిసెంబర్లో కొత్త మోడల్ వస్తాది, ఇప్పటిదాని రేటూ దిగుతాది. ఫోటోలు ఉండాయి గదా, ఏంటికి తొందర?" అంది.

"ఫోటో తీయని చోట బొక్క పడతాది. కట్టి చూస్తేనే తెలిసేది. డిసెంబర్లో తెలిస్తే ఆడ పోయి ఏం తీసేది, మట్టినా?"

జనని శనివారం తల్లిని కంప్యూటర్ అంగళ్లుండే రిచీ స్ట్రీటుకు తీసుకుపోయింది.

అంగడాయన జయరామన్ కోకిల వైపు చూడనే లేదు. "అమ్మ సీరియల్ చూసుకోడానికి ఎనిమిది కోర్లే ఎక్కువ," అన్నాడు జననితో తమిళంలో. "పదహారే కావాలంటే మూడు నెలలు ఆగండి."

కోకిల ఫోను తీసి, తాను కట్టిన తరగతి గదిని ఆయన ముందు అటూ ఇటూ తిప్పి చూపించింది. "ఇది చేసింది నేను సార్. అడిగేది నన్ను అడగండి. పదహారు కోర్లది, ఈరోజే, బిగించి ఇవ్వండి."

ఆయన ఆ గదిని కాసేపు చూశాడు. తర్వాత లోపలి నుంచి స్టూలు తెచ్చి ఆమెకు వేశాడు.

కొత్తది గదికి ఐదు గంటలే తీసుకుంది. మూడో రోజుకు తెరమీద బడి లేచింది. మేడమెట్ల పక్క గోడ మాత్రం లేదు. అక్కడంతా నల్లటి ఖాళీ. ఏటేటా ఐదో తరగతి పిల్లలు పడవలు గీసి పేర్లు రాసుకున్న గోడ అది. ఫోటోలు తీసిన రోజున దాని ముందు బెంచీలు పేర్చి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె కెమెరాతో వెళ్లేసరికి, కూల్చే కాంట్రాక్టరు పాల్‌రాజ్ గేటు దగ్గర ఆపాడు. "లోపలికి ఎవరినీ విడవకూడదమ్మా. మిషన్ వస్తా ఉంది."

"అరగంట చాలు. లేదంటే ఈడే కూచుంటాను. మిషన్ ఎట్లా పోతాదో చూస్తా."

అన్నట్టే గేటుకు అడ్డంగా కూర్చుంది. మిషన్ వచ్చి సందులో నిలిచిపోయింది. దాని వెనక లారీ, లారీ వెనక బండ్లు. హారన్లు మోగుతున్నా ఆమె కదల్లేదు. చివరికి పాల్‌రాజ్ తన హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చి, గోడ ముందు బెంచీలు పక్కకు లాగించాడు.

ఆ వారమే బడి నేలమట్టమైంది. డిసెంబర్లో కొత్త మోడల్ వచ్చింది. కోకిల కొన్నదాని ధర బాగా తగ్గిందని జనని నసుగుతూ చెప్పింది.

"తగ్గనీ," అంది కోకిల.

అప్పుడామె గదిలో ఆరుగురు పాత విద్యార్థులు తెరకు దగ్గరగా వంగి పడవలు వెతుక్కుంటున్నారు. మధుమిత అనే అమ్మాయికి తనది దొరికింది. "నా పేరు నేనే తప్పు రాసుకుండాను టీచర్," అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. కోకిల మౌసు ఆమెకు అప్పగించి, కెమెరా బ్యాటరీలు చార్జింగుకు పెట్టింది. సౌకార్‌పేటలో ఒక పాత సత్రానికి కూల్చివేత నోటీసు అంటించారని ఆ రోజే తెలిసింది.