ఉల్లిచేను చూడ్డానికి వచ్చినవాళ్లు

ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఉల్లిచేను గురించి ఎప్పుడూ పేచీయే. భూముల ధరలు ఆకాశాన్నంటుతున్నాయనీ, ఈ ఊపులోనే అమ్మేసి బజారులో మోటార్ల దుకాణం పెడతాననీ ఆయన పట్టు. నారు పోసింది మొదలు బస్తాలు ఎత్తేదాకా ఆ చేలో నడుం వంచేది ఆవిడ. ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు. చివరికి ఆవిడ వాదించడం మానేసింది. దారికొచ్చిందని ఆయన మురిసిపోయాడు.

పొలం కొనే ఆసామి ఉదయం, పన్ను కోసం విలువ కట్టే అధికారి అదే మధ్యాహ్నం వస్తామని ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తింది ఆవిడే. మొగుడికి మాత్రం పొద్దున అధికారి, మధ్యాహ్నం ఆసామి అని తిరగేసి చెప్పింది.

పొద్దున్నే కారు దిగిన పెద్దమనిషిని గట్టు మీద నిలబెట్టి ఆయన ఏడుపు లంకించుకున్నాడు. నేలంతా చౌడనీ, ఎండాకాలం బోరు ఎండిపోతుందనీ, వానొస్తే నీళ్లు నిలిచి గడ్డలు కుళ్లిపోతాయనీ ఏకరువు పెట్టాడు.

"కళ్లున్నవాడెవడైనా కొంటాడా అండీ దీన్ని?" అన్నాడు చివరికి.

ఆసామి బూట్ల మట్టి దులుపుకుని, ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నారంటూ దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం టేపు పట్టుకుని వచ్చినాయన దగ్గర మాత్రం అదే నేల బంగారమైంది. ఏడాది పొడుగునా ఏదో ఒక పంట, ఎప్పుడూ తడారని బోరు. ఆయన పిడికెడు మట్టి తీసి చూపిస్తూ తానే మైమరచిపోయాడు.

"ఇంత నిజం చెప్పే రైతుని నేను చూళ్లేదండీ. మొదటి తరగతి భూమిగా రాసేస్తున్నా," అన్నాడు వచ్చినాయన.

"రాయడమెందుకండీ?"

"పన్ను వెయ్యాలిగా."

ఇంటికొచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నువ్వు కావాలనే చేశావు కదూ?"

"కొనేవాడు పారిపోతే చాలనుకున్నానండీ. మధ్యాహ్నం మీరు అంతలా పొగుడుతారని నాకు తట్టలేదు."

మర్నాడు ఆయన ఆసామికి ఫోన్ చేసి, అదంతా పొరపాటని ఎంతో బతిమాలాడు. మీలాంటి నిజాయితీపరుడు మాట మార్చకూడదని ఆసామి మెత్తగా మందలించాడు. చేను చౌడన్న మాట బజారంతా పాకి, మరో బేరం రాలేదు.

పెరిగిన పన్ను ఆవిడ ఒక్కతి కష్టంతో తీరేది కాదు. ఆయనా చేలోకి దిగక తప్పలేదు. ఆయన వంకరటింకరగా నాటిన నారును వెనకాలే వస్తూ సరిచేస్తుంది ఆవిడ. మోటార్ల గురించి ఎంతసేపు చెప్పినా ఊఁ కొడుతుంది.