షెడ్డు వెనక పొగ

మా మరిదిని నేను మొదటి నుంచీ నమ్మలేదు. ఆ సంగతి అతని మొహం మీదే చాలాసార్లు అన్నాను కాబట్టి ఇప్పుడు దాచడానికేమీ లేదు. మా ఆయన తమ్ముడు, జనరేటర్ పని బాగా వచ్చు, ఊళ్ళో ఖాళీగా తిరుగుతున్నాడని నేనే డైరెక్టర్‌ని బతిమాలి కొండ మీది అబ్జర్వేటరీలో ఉద్యోగం వేయించాను. వేయించిన రోజు నుంచీ అతని చొక్కా జేబులు, జనరేటర్ గది చెత్తబుట్ట, కిటికీ అంచులు వెతకడం నాకు రెండో ఉద్యోగమైంది. అతనికి సిగరెట్ల పిచ్చి. మా కొండ మీద అగ్గిపుల్ల గీస్తేనే నేరం. పొగ వెళ్ళి టెలిస్కోపు అద్దం మీద పొరలా కూర్చుంటుంది, పైగా చుట్టూ నడుం దాకా ఎండిన గడ్డి.

ఆ అద్దాల బాధ్యత నాది. దుమ్ము పడకుండా చూడటం, కడిగించడం, ముసుగులు కట్టించడం. మనుషుల్ని కూడా అద్దాల్లాగే అనుమానంగా చూస్తానని అందరూ నన్ను పోలీసక్క అంటారు. నా ఎదుట అనరు. వాళ్ళెక్కడ అన్నా నాకు తెలుస్తుంది, అది వేరే విషయం.

ఈ పని నాకు నేర్పింది మా నాన్న. ఈ కొండ మీదే గాజు పలకల్ని అరగదీసి, మెరుగుపెట్టి టెలిస్కోపు అద్దాలు చేసిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆయన గొంతు వినబడితే పనివాళ్ళు తింటున్న బిస్కెట్ కూడా మింగేవాళ్ళు కాదు. "పగటిపూట అద్దం ముసుగు తీసినవాణ్ణి కొండ దింపేస్తాను" అని అరిచేవాడు. ఎవరో ఒకసారి ముసుగు వేయడం మరిచిపోతే, ఎదురుగా కుర్చీకి తగిలించిన అప్పటి డైరెక్టర్ కోటుకి కాలి బెజ్జం పడిందట. ఆ కోటు కథ చెప్పి నవ్వడం, నవ్వుతూనే తిట్టడం ఆయనకి సరదా.

రిటైరయ్యాక కూడా నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. పడమటి వాలు అంచున ఉన్న పాత రేకుల షెడ్డులో పగలంతా కూర్చుంటాడు. దాన్ని గాజు షెడ్డు అంటాం. ఆయన చేసిన ఆఖరి అద్దం, పెద్ద పళ్ళెమంతది, పళ్ళెంలాగే లోపలికి గుంటగా ఉండేది, ఏదో చిన్న లోపం వల్ల ఏ టెలిస్కోపుకీ ఎక్కకుండా అక్కడే వసారాలో బల్ల మీద నిలబడి ఉంటుంది. ఈమధ్య నాన్నకి మతిమరుపు. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుకుతాడు, నన్ను ఒక్కోసారి మా అమ్మ పేరుతో పిలుస్తాడు. "ఎవరికీ ఇబ్బంది లేనంత కాలం ఉండనివ్వండి" అన్నాడు డైరెక్టర్. ఆ మాట నా చెవిలో ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ షెడ్డు తీసేస్తే నాన్న ఎన్నాళ్ళో బతకడు.

సరే, మా మరిది విషయం. కొన్ని వారాలుగా మధ్యాహ్నం భోజనం అవగానే గాజు షెడ్డు వైపు జారుకుంటున్నాడు. కాసేపటికి లవంగం నములుతూ తిరిగొస్తాడు. లవంగం ఎందుకు నములుతారో నాకు తెలీదా?

"ఎక్కడికెళ్ళావ్?"

"ఊరికే వదినా. గాలికి."

కొండ మీద గాలికి కరువా? జనరేటర్ గది ముందు లేని గాలి షెడ్డు దగ్గర మాత్రం ఏముంది? ఒకరోజు వెనకే వెళ్ళాను. నా చెప్పుల చప్పుడు విన్నాడేమో, ఎదురొచ్చి పళ్ళికిలించాడు. చేతులు వాసన చూపించమన్నాను. చూపించాడు. ఏ వాసనా లేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది, ఇంత తెలివిగా కడుక్కుంటున్నాడే అని.

చివరికి ఒకరోజు భోజనాలవగానే అతన్ని పట్టుకున్నాను. "ఈ రోజు నుంచీ మధ్యాహ్నాలు పంపు దగ్గరే నీ డ్యూటీ. పైపులు చుట్టు, వాల్వులకి నూనె పెట్టు. సాయంత్రం దాకా కదిలావంటే డైరెక్టర్‌కి చెప్తాను."

"అలాగే వదినా. ఒక్కసారి షెడ్డు దాకా వెళ్ళి చిటికెలో వచ్చేస్తాను."

"దేనికి?"

నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. నేలచూపులు చూశాడు.

"ఊరికే."

"ఊరికే అయితే అక్కర్లేదు."

అతను పైపుల వైపు వెళ్ళాడు. దొంగ దొరికాడన్న తృప్తితో నేను టెలిస్కోపు ఉండే డోమ్‌లోకి వెళ్ళి పనిలో పడ్డాను.

పొగ వాసన నాకు తగిలినప్పుడు భయం కంటే ముందు కోపమే వచ్చింది. చూశావా, నేనిలా వచ్చానో లేదో అలా అంటించాడు అనుకుంటూ బయటికొచ్చాను. సిగరెట్ పొగ కాదది. పడమటి వాలు మీద గడ్డి బారుగా, పటపటమంటూ తగలబడుతోంది.

మా దగ్గర ఇలాంటి వేళకి ఒక పద్ధతి ఉంది. ముందు డోమ్ తలుపు మూయాలి, తర్వాత గాలి లాగే ఫ్యాన్లు ఆపాలి, అప్పుడు మనుషులు. లోపల చల్లగా ఉంచడానికి తిరిగే ఆ ఫ్యాన్లు ఆపకపోతే నిప్పురవ్వల్ని అవే లోపలికి పీల్చేస్తాయి. అన్నీ ఆపి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి, నాన్న కోసం పరిగెత్తాను.

షెడ్డుకి ఏమీ కాలేదు. గాలి అటునుంచి వీస్తోంది, మంట షెడ్డుకి వీపు చూపించి వాలు వెంట పోతోంది. నాన్న వసారాలో కుర్చీలో కూర్చుని, ఒక నల్లగుడ్డ భుజాల చుట్టూ కప్పుకుని, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఎవరమ్మా అంటించింది?"

"ఇంకెవరు, మీ ముద్దుల అల్లుడి తమ్ముడు. లే నాన్నా!"

"చలిగా ఉంది" అన్నాడు, ఆ వేడిలో. చెయ్యి పట్టి డోమ్ దగ్గరికి లాక్కొచ్చేశాను.

ఫైరింజను వచ్చేసరికి గాలి తిరిగింది. మంట వాలంతా చుట్టి డోమ్ వైపు ఎక్కసాగింది. మా మరిది పంపు వదల్లేదు. ఒక పైపు సిబ్బందికిచ్చి, ఇంకోటి తనే పట్టుకుని డోమ్ గోడలు తడుపుతూనే ఉన్నాడు. మొహమంతా మసి, కనుబొమలు కాలాయి. అది చూసి కూడా నా మనసు కరగలేదు. చేసినవాడే కడుగుతున్నాడు, కడగనీ అనుకున్నాను.

ఫైర్ ఆఫీసర్ పొట్టిగా, ఓపికగా ఉన్నాడు. "ఎలా మొదలైందో ఏమైనా తెలుసా అమ్మా?"

"తెలుసు" అన్నాను. మరిది వైపు చెయ్యి చూపించాను. రోజూ షెడ్డు వెనక్కి వెళ్ళడం, లవంగాలు, అన్నీ చెప్పాను.

మరిది పైపు దించలేదు. "వదినా, నేను సిగరెట్లు మానేసి చాలా కాలమైంది, లవంగం అందుకే. ఇవాళ పంపు దగ్గర్నుంచి కదల్లేదు."

"కదల్లేదని ఎవరు చూశారు?"

అతను పైపు మళ్ళీ గోడ వైపు తిప్పాడు. "నిర్లక్ష్యంగా అంటించాడని తేలితే నాతో పోలీస్ స్టేషన్‌కి రావాలి" అన్నాడు ఆఫీసర్ నాతో మెల్లగా. రానీ అన్నాను.

పొద్దు వాలేసరికి మంట డోమ్ కింది కంకర దారి దగ్గర చచ్చిపోయింది. డోమ్‌కి ఒక పక్క రంగు బొబ్బలెక్కింది, అంతే. ఆఫీసర్ మరిదిని ఇంజను మెట్టు మీద కూర్చోబెట్టి, నన్ను పిలుచుకుని మసి తొక్కుతూ వాలు దిగాడు. కాలిన నేల ఎక్కడ విశాలంగా ఉందో, ఎక్కడ సన్నబడిందో చూసుకుంటూ పోతే మొదలు దొరుకుతుందట. సన్నబడి, సన్నబడి, అది గాజు షెడ్డు వసారా గచ్చు అంచున, అరచేతి వెడల్పు మసిగా ఆగింది.

"ఇక్కడే. కానీ సిగరెట్ పీక లేదు, అగ్గిపుల్ల లేదు" అన్నాడు. "మీ మరిది ఇక్కడే నిలబడేవాడా?"

నేను తలెత్తాను. బల్ల మీద నాన్న అద్దం. ముసుగు లేదు. సూర్యుడికి ఎదురుగా, వాలు వైపు తిరిగి ఉంది. పొగలో సూర్యుడు ఎర్రగా, నీరసంగా వేలాడుతున్నాడు. నేను రెండడుగులు వేసి, ఎందుకో నాకే తెలీకుండా చెయ్యి చాచాను. అద్దంలోంచి గుండీ అంత ఎర్రటి ఎండచుక్క వచ్చి నా అరచేతిలో పడింది. గోరువెచ్చగా ఉంది. మిట్టమధ్యాహ్నం దాటిన ఎండలో అదే చుక్క కిందికి, గడ్డిలోకి పడి ఉంటుంది.

నాన్న భుజాల మీది నల్లగుడ్డ ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. నా చేత్తో నేను కుట్టిన ముసుగది. చూసి కూడా చూడలేదు, నా కళ్ళు వేరే మనిషిని వెతుకుతున్నాయి కదా.

ఆఫీసర్‌ని అక్కడే వదిలి ఇంజను దగ్గరికి పరిగెత్తాను.

"రోజూ షెడ్డుకెళ్ళి ఏం చేసేవాడివి? నిజం చెప్పు."

మరిది కాలిన కనుబొమలు రుద్దుకున్నాడు. "ముసుగు కప్పేవాణ్ణి. మామయ్యగారు తీసేస్తుంటారు వదినా. అద్దానికి ఊపిరాడదంటారు, ఒక్కోసారి రాత్రి అయిందంటారు. కాసేపటికి తెలివొచ్చి, అమ్మాయికి చెప్పకు, నన్ను కొండ దింపేస్తారని నా చేతులు పట్టుకున్నారు."

"మరి నాకు చెప్పొద్దూ!"

"చెప్తే నమ్మేవాళ్ళా?"

ఒక్కసారి వెళ్ళొస్తానన్నాడు. చిటికెలో వచ్చేస్తానన్నాడు. ఊరికే అయితే అక్కర్లేదన్నది నేను. ఈ కొండకి నిప్పు పెట్టింది మా నాన్న అద్దం కాదు, నా నోరు. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

ఏడవడానికి కూడా వ్యవధి లేకపోయింది. నాన్న డోమ్ దగ్గర్నుంచి దిగి వసారా వైపు నడుస్తున్నాడు. మేమిద్దరం వెనకే పరిగెత్తాం. ఆయన బల్ల ముందు ఆగి, ముసుగు లేని అద్దాన్ని చూశాడు, కాలిన గడ్డిని చూశాడు. ఏళ్ళ తర్వాత ఆయన పాత గొంతు విన్నాను.

"పగటిపూట ముసుగు తీసిన వెధవ ఎవడు?"

ఆ వెధవ భుజాల మీదే ముసుగుంది. ఆఫీసర్ ఆయన్నీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. ఇంతలో మరిది ఒకడుగు ముందుకేసి తల వంచుకున్నాడు.

"నేనే మామయ్యగారూ. తప్పయిపోయింది."

"అయితే మీరు చెప్పింది నిజమేనన్నమాట" అన్నాడు ఆఫీసర్ నాతో. "ఎలాగైతేనేం, ఇతనే."

"కాదండీ" అన్నాను. "అబద్ధమాడుతున్నాడు. వీడు ఎప్పుడు అబద్ధమాడతాడో నాకు బాగా తెలుసు, చాలా కాలంగా వీడి వెంటపడి ఉన్నాను. అద్దాల బాధ్యత నాది. ఇది కప్పి ఉందో లేదో నేను చూడలేదు, చూసేవాణ్ణి వెళ్ళనివ్వలేదు. నా తప్పని రాసుకోండి. మీతో నేనొస్తాను."

"వదినా..."

"నువ్వు నోర్ముయ్. నాన్నని కనిపెట్టుకుని ఉండు. నువ్వుంటావని నమ్మకం మీదే వెళ్తున్నాను."

నాన్న నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో నేను కూతుర్నో, పనివాళ్ళలో ఒకదాన్నో తెలియలేదు. "నువ్వా తీసింది?"

"నేనే నాన్నా."

భుజాల మీది గుడ్డ మెల్లగా తీశాను. ఆయన వదిలేశాడు. మరిది అటుపక్క అంచు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి అద్దానికి ముసుగు వేసి, వెనక తాళ్ళు కట్టాం. నాన్న వంగి ముడి లాగి చూశాడు, ఎప్పుడూ చూసినట్టే.

"ఈసారికి వదిలేస్తున్నాను" అన్నాడు.