సున్నాకు చేరిన గీత

కుక్కర్ల రబ్బరు రింగులు తయారయ్యే ఆ కర్మాగారంలో, నాణ్యతా సామ్రాజ్యానికి ఏకచ్ఛత్రాధిపతిగా వెలసిన మేనేజరును కార్మికులు చాటున 'గ్రాఫుగారు' అనేవారు. తనిఖీ బల్ల దగ్గర పద్నాలుగేళ్లుగా కూర్చునే ఆమె అందరికీ అక్క. రింగు అతుకును వేళ్ల మధ్య వంచి, కంటికి ఆనని చీలికను గోటితో పసిగట్టేది. ఆమె మాటకు విలువున్న చోటు లోకంలో ఆ కుర్చీ ఒక్కటే. ఆమె రాని రోజున బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు చూడకుండానే ముద్ర గుద్దేవారు.

గ్రాఫుగారు ఆమెను పిలిపించారు. గోడనిండా చుక్కలు, వాటి నడుమ రాజమార్గంలా ఓ ఎర్ర గీత.

"నువ్వు ఇరవయ్యారు రోజులొచ్చిన నెలలో రిజెక్టులు వెయ్యి. జ్వరమొచ్చి పది రోజులే వస్తే నాలుగొందలు. ఇది కాకతాళీయం అయ్యే అవకాశం వెయ్యింట ఒకటి కూడా లేదమ్మా!"

"నేనుంటే దొరుకుతాయి సార్, లేకపోతే దాటిపోతాయి. దీపం ఆర్పేసి, బొద్దింకలు పోయాయంటే ఎలా?"

"అది నీ అభిప్రాయం. ఇది గణితం."

స్కేలు పెట్టి గీతను కిందికి పొడిగించారు. ఆమె హాజరు సున్నా అయినచోట రిజెక్టులూ సున్నా. మర్నాటినుంచి ఆమె ప్యాకింగులో, పెట్టెలమీద 'తనిఖీ పూర్తి' చీటీలు అంటిస్తోంది.

గీత నిజంగానే సున్నాకు చేరింది. గ్రాఫుగారికి వెండి కప్పు వచ్చింది. కొన్నవారి ఫిర్యాదులు పై అంతస్తులో, వేరే అధికారి బీరువాలో ఉండేవి కనుక గీతకు వాటి గాలి సోకలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనే ప్యాకింగుకు వేంచేశారు.

"అక్కా, మా అమ్మాయి కొత్త కాపురం. కుక్కరుకో రింగు... నీ చేత్తో చూసివ్వవూ?"

"అన్నీ మంచివేగా సార్. గోడమీద ఉంది."

"వేళాకోళమా? పిల్ల వంటింట్లో నిలబడేది దాని ముందేనమ్మా!"

పెట్టె విప్పి ఒక్కొక్కటీ వంచింది. అయిదు పక్కన పెట్టి, ఆరోది ఇచ్చింది. ఆయన దాన్ని చేతిరుమాల్లో భద్రంగా చుట్టుకున్నారు.

"మరి ఈ అయిదూ?"

"పెట్టెలో సర్దెయ్."

"పోనీ, నా కుర్చీ ఇప్పించండి సార్."

"అమ్మో, గీత చెడిపోదూ!"

ఆయన వెళ్లాక ఆమె కత్తెర తీసి అయిదింటినీ ముక్కలు చేసింది. సూపర్‌వైజరు తలవంచుకుని రాసుకున్నాడు: ప్యాకింగులో నష్టం, అయిదు.

సాయంత్రానికి గ్రాఫుగారి గోడమీద కొత్త కాగితం వెలసింది. దానిమీద, ఆమె పేరిట, మొదటి చుక్క.